ఇంటిపై అంతస్తు, పక్కింటి అభ్యంతరం: జంషెడ్‌పూర్‌లో ఏది చెల్లుతుంది, ఏది చెల్లదు?

ఉద్యోగ విరమణ డబ్బు చేతికొస్తుంది. కొడుక్కి పెళ్లి కుదురుతుంది. ఉన్న రెండు గదులు చాలవు. డాబా మీద మరో పోర్షన్ వేద్దామని కుటుంబం నిర్ణయించుకుంటుంది. మేస్త్రీని మాట్లాడి, ఇటుక, ఇసుక దింపించిన రోజే పక్కింటాయన గేటు దగ్గరకొచ్చి ‘‘మా కిటికీకి వెలుతురు పోతుంది, కట్టనివ్వను’’ అంటాడు. ఉక్కు కర్మాగారంలో పని కోసం శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి వెళ్లి, జంషెడ్‌పూర్‌లో తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇది కొత్త సన్నివేశం కాదు.

ఇలాంటప్పుడు రెండు అపోహలు ఎదురుపడతాయి. ‘నా స్థలంలో నేను కట్టుకుంటే ఎవరేమంటారు’ అన్నది ఒకటి. ‘పక్కింటివాళ్లు సంతకం పెట్టకపోతే ఇల్లు లేవదు’ అన్నది రెండోది. రెండూ నిజం కావు. పక్కింటివారు ఒప్పుకున్నంత మాత్రాన నిబంధనలకు విరుద్ధమైన కట్టడం సక్రమం అయిపోదు. వారు ఒప్పుకోనంత మాత్రాన అన్ని అనుమతులూ ఉన్న కట్టడం ఆగిపోదు. అభ్యంతరం వచ్చినప్పుడు ముందు తేల్చుకోవాల్సింది అది ఏ రకం అభ్యంతరమన్నదే. ఏ జవాబు చెప్పాలన్నది దాన్నిబట్టే ఉంటుంది.

మొదటి ప్రశ్న: నేల ఎవరిది?

వేరే ఊళ్లో అయితే ఈ చర్చ ప్లాన్‌తో మొదలవుతుంది. జంషెడ్‌పూర్‌లో నేల దగ్గర మొదలవ్వాలి.

1907లో టాటా ఐరన్ అండ్ స్టీల్ కంపెనీ ఏర్పడింది. మరుసటి ఏడాది సాక్చీ దగ్గర కర్మాగారం పనులు మొదలయ్యాయి. 1919లో ఆ ఊరికి జంషెడ్‌జీ టాటా పేరు పెట్టారు. మొదటి నుంచీ ప్రణాళిక ప్రకారం పెరిగిన పట్టణం ఇది. 1920లలో టెంపుల్, 1930లలో స్టోక్స్, 1940లలో ఆటో కోనిగ్స్‌బెర్గర్ దీని విస్తరణకు ప్రణాళికలు వేశారు. ఇళ్ల మధ్య ఖాళీ, తోటలు, వెడల్పాటి వీధులు ఆ ప్రణాళికల్లో భాగం. ఇప్పుడు ఇరుగుపొరుగు తగాదాలు ఎక్కువగా వచ్చేది ఆ ఖాళీ జాగాల్లోకి గదులు పెరిగినప్పుడే.

బిహార్ భూసంస్కరణల చట్టం ద్వారా ఈ నేల ప్రభుత్వపరమైంది. ఆ తర్వాత కంపెనీకి లీజుకు ఇచ్చారు. 1985లో కుదిరిన లీజును 1956 నుంచి లెక్కించారు. 2005లో దాన్ని పునరుద్ధరించి, 1996 జనవరి నుంచి 2025 డిసెంబరు 31 వరకు 30 ఏళ్లకు వర్తింపజేశారు. ఆ సందర్భంలోనే 86 బస్తీలను లీజు పరిధి నుంచి తప్పించారు. అందువల్ల ఒకే ఊళ్లో, ఒక్కోసారి ఒకే రోడ్డుకు అటూ ఇటూ, ఇంటివారి హక్కులు వేర్వేరుగా ఉంటాయి.

కంపెనీ క్వార్టర్‌లో ఉండేవారికి గోడ కదిపే హక్కు కూడా లేదు. వరండా మూసి గది చేసుకోవాలన్నా కంపెనీ అనుమతి ఉండాలి. ఇక్కడ పక్కింటివారి ఫిర్యాదు కట్టడంతోనే ఆగదు, క్వార్టర్ కేటాయింపునే ప్రశ్నార్థకం చేయగలదు.

సబ్‌లీజు స్థలంలో సొంత ఇల్లు ఉన్నవారు ముందు సబ్‌లీజు పత్రం తీసి చదవాలి. ఎన్ని అంతస్తులు, ఏ వినియోగం, ఎంత భాగం అన్న షరతులు అందులో ఉంటాయి. కంపెనీ భూ విభాగం నిరభ్యంతర పత్రం, నోటిఫైడ్ ఏరియా కమిటీ ప్లాన్ అనుమతి వేర్వేరు విషయాలు. ఒకటి ఉంటే రెండోది ఉన్నట్టు కాదు. పాత లీజు గడువు 2025తో ముడిపడి ఉన్నందున, పని మొదలుపెట్టే నాటికి తమ స్థలానికి ఏ పత్రం అమల్లో ఉందో భూ విభాగం నుంచి లిఖితంగా తెలుసుకోవడం మంచిది.

86 బస్తీల్లో, బిర్సానగర్ వంటి చోట్ల, కుటుంబాలు దశాబ్దాలుగా ఉంటున్నా యాజమాన్య హక్కు కోసం డిమాండ్ ఇప్పటికీ వినిపిస్తూనే ఉంది. చేతిలో ఉన్నది కరెంటు బిల్లు, హోల్డింగ్ రసీదు మాత్రమే అయితే, పక్కింటివారితో గొడవ అధికారుల దాకా వెళ్తే ఇద్దరికీ నష్టమే. కొత్త గది గురించి మొదలైన విచారణ పాత ఇంటి దాకా రావచ్చు. గిరిజనుల రైయతీ భూమి చేతులు మారిన చోట 1908 నాటి ఛోటానాగ్‌పూర్ కౌలుదారీ చట్టం కూడా అడ్డొస్తుంది. అటువంటి భూమి బదిలీకి ఆ చట్టం కఠినమైన ఆంక్షలు పెట్టింది.

మాంగో, జుగ్సలాయీ, ఆదిత్యపూర్‌లకు విడివిడిగా పురపాలక సంస్థలున్నాయి. ఆదిత్యపూర్ అసలు వేరే జిల్లా, సరాయికేలా ఖర్సావాఁ. ప్లాన్ దరఖాస్తు ఎక్కడ ఇవ్వాలో, ఫిర్యాదు ఎక్కడికి వెళ్తుందో దీన్నిబట్టే ఉంటుంది. జంషెడ్‌పూర్ నోటిఫైడ్ ఏరియా కమిటీ 1924లో ఏర్పడింది. దాని పరిధిలో ఎన్నికైన నగరపాలక సంస్థ లేదు. రాజ్యాంగంలోని 243-క్యూ అధికరణం పారిశ్రామిక పట్టణాలకు ఇచ్చిన మినహాయింపు కింద రాష్ట్ర ప్రభుత్వం 2023 డిసెంబరులో నోటిఫికేషన్ ఇచ్చింది. ఇరుగుపొరుగు తగాదాలో మధ్యవర్తిగా నిలబడే వార్డు ప్రతినిధి ఇక్కడ ఉండడు. అందుకే ముందే మాట్లాడుకోవడం ఇక్కడ మరింత అవసరం.

అభ్యంతరాలు నాలుగు రకాలు

పక్కింటివారి మాట ఏ రూపంలో వచ్చినా ఈ నాలుగింటిలో ఒకటవుతుంది.

1. నిబంధన: వదలాల్సిన ఖాళీ వదల్లేదు, ప్లాన్ లేదు, ఎత్తు పెరిగింది, సజ్జ మా హద్దులోకి వచ్చింది.

2. హక్కు: మా కిటికీకి వెలుతురు, మా దారి, మన ఉమ్మడి గోడ, మా పునాదికి ఆధారం.

3. ఇబ్బంది: దుమ్ము, చప్పుడు, వీధిలో ఇసుక, కార్మికుల రాకపోకలు.

4. మనసు: మా పెరడు కనిపిస్తుంది, వాస్తు చెడుతుంది, మాకు చెప్పకుండా మొదలుపెట్టారు.

మొదటి రకానికి జవాబు ప్లాన్ సరిదిద్దడం. రెండోదానికి ఆధారాలు చూసుకుని అవసరమైతే డిజైన్ మార్చడం. మూడోదానికి పని వేళలు, జాగ్రత్తలు ఒప్పుకుని పాటించడం. నాలుగోదానికి చట్టంలో పెద్దగా చోటు లేదు. కానీ చాలా ఫిర్యాదులకు అసలు మూలం అక్కడే ఉంటుంది. మనసు నొచ్చుకున్న పొరుగువారు ఆ మాట బయటికి చెప్పరు. ప్లాన్‌లో తప్పు వెతుకుతారు.

నిబంధన తప్పితే పక్కింటివారిది గట్టి చేయి

ఝార్ఖండ్‌లో పురపాలక చట్టం 2011లో, భవన నిర్మాణ నియమావళి 2016లో వచ్చాయి. స్థలం కొలతలు, రోడ్డు వెడల్పును బట్టి ముందు, వెనక, పక్కల ఎంత ఖాళీ వదలాలో, ఎంత విస్తీర్ణం కట్టవచ్చో ఆ నియమావళి చెబుతుంది. నమోదు చేసుకున్న ఆర్కిటెక్టు లేదా ఇంజినీరు ద్వారా ప్లాన్ సమర్పించాలి. పాత ఇంటికి అనుమతి ఉంది కదా అని పై అంతస్తు దాని కిందే చెల్లదు. కొత్త భాగానికి కొత్త అనుమతి కావాలి.

ఇక్కడే తెలుగు కుటుంబాలు తరచూ పొరబడే విషయం ఒకటుంది. ఊళ్లో చుట్టాలు చెప్పే నిబంధనలు అక్కడివి. తెలంగాణలో 2020 నాటి టీఎస్ బీపాస్ చట్టం ప్రకారం 75 చదరపు గజాల లోపు స్థలంలో 7 మీటర్ల ఎత్తు వరకు ఇల్లు కట్టుకునేవారికి ముందస్తు అనుమతి అక్కర్లేదు, ఆన్‌లైన్‌లో నమోదు చేసుకుంటే చాలు. ఆంధ్రప్రదేశ్‌కు 2017 నాటి భవన నిర్మాణ నియమాలున్నాయి. ఇవేవీ జంషెడ్‌పూర్‌లో పనికిరావు.

నిబంధన తప్పిన కట్టడంపై ఫిర్యాదు చేసే హక్కు పక్కింటివారికి ఉందా? ఉంది. కర్ణాటకలోని ఉడుపిలో నివాస ప్రాంతంలో సినిమా హాలుకు అనుమతి ఇచ్చిన వివాదంలో సుప్రీంకోర్టు 1974లోనే ఈ విషయం తేల్చింది. కె.రామదాస్ షెణాయ్ కేసుగా అది ప్రసిద్ధం. నివాస ప్రాంతంలో ప్రణాళికకు విరుద్ధంగా కట్టే భవనం అక్కడ ఉంటున్నవారి ఆస్తి అనుభవాన్ని దెబ్బతీస్తుంది కాబట్టి వారు కోర్టుకు రావచ్చని చెప్పింది. ‘నీకేం సంబంధం’ అన్న ప్రశ్నకు ఆ తీర్పు తర్వాత విలువ లేదు.

ఇటీవలి తీర్పులు ఇంకా గట్టిగా ఉన్నాయి. 2024 డిసెంబరు 17న రాజేంద్ర కుమార్ బర్జాత్యా కేసులో సుప్రీంకోర్టు దేశమంతటికీ ఆదేశాలిచ్చింది. ఆమోదించిన ప్లాన్‌ను నిర్మాణ స్థలంలో అందరికీ కనిపించేలా పెట్టాలి. నిర్మాణ పూర్తి ధ్రువపత్రం ఉంటేనే నీటి, విద్యుత్, మురుగునీటి కనెక్షన్లు ఇవ్వాలి. బ్యాంకులు కూడా ఆ పత్రం చూసే రుణం మంజూరు చేయాలి. చాలాకాలంగా ఉందనో, చాలా ఖర్చయిందనో అక్రమ కట్టడాన్ని సక్రమం చేయకూడదు. జంషెడ్‌పూర్‌లో ప్లాన్ మించి కట్టిన భవనాల మీద ఝార్ఖండ్ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం నడిచింది. పార్కింగ్ కోసం చూపించి ఇతర అవసరాలకు వాడుతున్న సెల్లార్లకు నోటిఫైడ్ ఏరియా కమిటీ సీళ్లు వేసింది. ‘అందరూ కట్టుకున్నారు, మనమూ కడదాం’ అన్న ధీమాకు ఇక్కడ కాలం చెల్లింది.

పక్కింటాయన చేత ‘నాకు అభ్యంతరం లేదు’ అని స్టాంపు పేపరు మీద రాయించుకుంటే సెట్‌బ్యాక్ వదలక్కర్లేదన్న నమ్మకమూ తప్పే. ఇంటి చుట్టూ ఖాళీ పక్కింటివారి సౌకర్యం కోసం మాత్రమే పెట్టింది కాదు. అగ్నిప్రమాదం వస్తే దారి, గాలి, మురుగు మార్గం దానిమీద ఆధారపడి ఉంటాయి. దాన్ని మాఫీ చేసే అధికారం పక్కింటివారికి లేదు. రేపు ఆ ఇల్లు కొన్న మనిషి కొత్తగా ఫిర్యాదు చేస్తే ఆ కాగితం అడ్డుకోదు.

వెలుతురు హక్కు: 20 ఏళ్లా, 30 ఏళ్లా?

‘మా కిటికీకి వెలుతురు పోతుంది’ అన్నది అన్నిటికంటే తరచుగా వినిపించే మాట. దీనికి చట్టంలో చోటుంది. కానీ ఆంధ్రలో ఒక దారి, ఝార్ఖండ్‌లో మరో దారి.

మద్రాసు ప్రెసిడెన్సీలో మొదటి నుంచీ అమలైన 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం ప్రకారం, 20 ఏళ్లపాటు ఆటంకం లేకుండా, హక్కుగా అనుభవించిన వెలుతురుకు రక్షణ ఉంటుంది. ఆ చట్టం బెంగాల్, బిహార్ ప్రాంతాలకు వర్తించలేదు. అందుకే ఝార్ఖండ్‌లో ఈ వాదన 1963 నాటి కాలపరిమితి చట్టం 25వ సెక్షన్ కింద నడుస్తుంది. అక్కడా 20 ఏళ్లే. అయితే ఆ అనుభవం దావా వేయడానికి ముందు రెండేళ్ల లోపు వరకు కొనసాగి ఉండాలి. ఎవరి స్థలం మీద హక్కు కోరుతున్నారో అది ప్రభుత్వానిదైతే 20 బదులు 30 ఏళ్లు కావాలి. లీజు కాలాన్ని కొన్ని పరిస్థితుల్లో లెక్క నుంచి మినహాయించే నిబంధన 26వ సెక్షన్‌లో ఉంది. నేల ప్రభుత్వానిది, అనుభవం లీజుది అయిన జంషెడ్‌పూర్‌లో ఈ రెండు నిబంధనలూ కీలకమవుతాయి. శ్రీకాకుళంలో గెలిచే వాదన సాక్చీలో గెలవకపోవచ్చు.

కాలం నిండినా, కొంచెం నీడ పడితే చాలదు. 1904లో ఇంగ్లండు హౌస్ ఆఫ్ లార్డ్స్ కోల్స్ కేసులో, 1914లో కలకత్తా నుంచి వెళ్లిన పాల్ వర్సెస్ రాబ్సన్ కేసులో ప్రివీ కౌన్సిల్ ఒకే సూత్రం చెప్పాయి. మునుపటికన్నా వెలుతురు తగ్గిందా అన్నది కాదు ప్రశ్న. మామూలు మనిషి సౌకర్యంగా ఉండటానికి కావలసినంత మిగిలిందా, లేదా అన్నది ప్రశ్న. గదిలో పగలే దీపం వేయాల్సి వస్తే అది నష్టం. ఉదయం ఎండ అరగంట ఆలస్యంగా పడితే కాకపోవచ్చు.

దీనికి డిజైన్‌లోనే జవాబు దొరుకుతుంది. కొత్త గదిని ఆ కిటికీకి ఎదురుగా కాకుండా వెనక్కి జరపడం, మెట్లను అటువైపు పెట్టడం, పిట్టగోడ ఎత్తు తగ్గించడం, అటు గోడకు తెల్ల రంగు వేయడం లాంటివి పెద్ద ఖర్చు లేనివి. పునాది పడ్డాక ఇదే మార్పు లక్షల్లో పని.

పెరడు కనిపిస్తుందంటే?

ఏకాంతం విషయంలో చట్టం ప్రాంతాన్నిబట్టి మారింది. 1867లోనే మద్రాసు హైకోర్టు, పక్కింటి కిటికీ తమ పెరట్లోకి చూస్తుందన్న కారణంతో దాన్ని మూయించే హక్కును గుర్తించలేదు. 1888లో అలహాబాదు హైకోర్టు, ఘోషా పాటించే ఇళ్లున్న చోట ఆచారంగా అలాంటి హక్కు ఉండవచ్చని చెప్పింది. అంటే ఈ హక్కు కావాలనేవారు స్థానిక ఆచారాన్ని రుజువు చేసుకోవాలి. అది తేలిక కాదు.

చట్టం బలంగా లేదని తీసిపారేయడం మాత్రం తెలివైన పని కాదు. స్నానాల గది కిటికీకి మసక గాజు, బాల్కనీకి జాలీ, కిటికీ అడుగు అంచు కొంచెం ఎత్తులో పెట్టడం వంటివి అభ్యంతరాన్ని సగం తీరుస్తాయి. వాస్తు అభ్యంతరానికి కోర్టులో విలువ లేదు. నీళ్ల ట్యాంకు ఓ మూల నుంచి ఇంకో మూలకు మార్చితే పక్కింటావిడకు నిశ్చింత అనుకుంటే, ఖర్చు లేని చోట మార్చడంలో పోయేదేమీ లేదు.

గోడ, పునాది, వాన నీళ్లు

నష్టం కళ్లకు కనిపించేది ఈ మూడింట్లోనే.

ఉమ్మడి గోడ మీద ఒక్కరే దూలం పెట్టి పై అంతస్తు లేపకూడదు. అది ఇద్దరిదీ. పిల్లర్లు లేకుండా ఇటుక గోడల మీదే నిలబడ్డ పాత ఇళ్లపై అదనపు బరువు వేసేముందు స్ట్రక్చరల్ ఇంజినీరు పునాది చూసి రాతపూర్వకంగా చెప్పాలి. మేస్త్రీ అనుభవం దానికి బదులు కాదు.

పక్కనే పునాది తవ్వేటప్పుడు పొరుగు నేల జారకుండా చూడటం తవ్వేవారి బాధ్యత. నేలకు నేల ఇచ్చే ఆధారం సహజ హక్కు, దానికి 20 ఏళ్ల లెక్క అక్కర్లేదు. వానాకాలంలో హద్దు పక్కన లోతుగా తవ్వి వదిలేయడం కంటే పెద్ద పొరపాటు లేదు. కొత్త డాబా మీది వాన నీళ్లు సొంత స్థలంలోకే దిగాలి. తూము పక్కింటి వైపు పెట్టే హక్కు ఎవరికీ లేదు.

ఇంగ్లండ్, వేల్స్‌లలో ఇందుకోసమే 1996లో ప్రత్యేక చట్టం చేశారు. ఉమ్మడి గోడ మీద పని చేయాలంటే రెండు నెలల ముందు, పక్కింటికి దగ్గరగా లోతైన తవ్వకం చేయాలంటే ఒక నెల ముందు నోటీసు ఇవ్వాలి. ఇద్దరూ ఒప్పుకోకపోతే సర్వేయర్లు తేలుస్తారు. పని మొదలయ్యే ముందు పక్కింటి గోడల స్థితిని నమోదు చేయడం అక్కడ మామూలు. భారత్‌లో అలాంటి చట్టం లేకపోయినా ఆ ఒక్క అలవాటు అరువు తెచ్చుకోదగ్గది. పని మొదలయ్యేముందు పక్కింటివారి సమక్షంలోనే వారి గోడలు, పైకప్పు, నేల ఫొటోలు తేదీతో తీసి చెరొక కాపీ ఉంచుకుంటే, రేపు ‘ఈ పగులు మీవల్లే’ అన్న వాదన పది నిమిషాల్లో తేలుతుంది. పాత పగులైతే కట్టేవారు బయటపడతారు, కొత్తదైతే పక్కింటివారికి న్యాయం దొరుకుతుంది.

ఎప్పుడు, ఎలా చెప్పాలి?

ప్లాన్ ఆమోదానికి పంపేముందు చెప్పాలి, ఇసుక లారీ వచ్చాక కాదు. ఆమోదం అయిపోయాక చూపిస్తే అది కబురు మాత్రమే. ముందే చూపిస్తే సంప్రదింపు. పక్కింటివారికి ఈ తేడా బాగా తెలుసు.

కదమాలో ఒక విశ్రాంత ఉద్యోగి ఇల్లు ఉందనుకుందాం. తూర్పున తెలుగు కుటుంబం, పడమర బెంగాలీ కుటుంబం. ‘‘బాబాయ్ గారూ, అబ్బాయికి పెళ్లి పెట్టుకున్నాం, పైన రెండు గదులు వేద్దామనుకుంటున్నాం, ఓసారి కాగితం చూడండి’’ అని తూర్పు ఇంట్లో, ‘దాదా’ అని పడమటి ఇంట్లో మాట కలపడానికి పట్టేది ఒక సాయంత్రం. ఇంటి పెద్ద స్వయంగా వెళ్లాలి, కాంట్రాక్టరును పంపకూడదు. ప్లాన్ కాపీ తీసుకెళ్లాలి. కొత్త గోడ ఎక్కడ వస్తుందో డాబా మీద సుద్దతో గీసి, ఎత్తు తెలిసేలా ఓ వెదురు గడ నిలబెట్టి చూపిస్తే కొలతల భాష రానివారికీ అర్థమవుతుంది. అవతలివారు చెప్పింది ఆ చోటే ఒప్పుకోనక్కర్లేదు, కొట్టిపారేయనూ కూడదు. ‘‘ఇంజినీరును అడిగి వారంలో చెబుతాను’’ అని, ఆ వారంలో నిజంగానే చెప్పాలి.

కుదిరిన మాటలను ఒక పేజీలో రాసుకోవడం మంచిది. అందులో ఉండాల్సినవి: పని మొదలు, ముగింపు తేదీలు, రోజూ ఏ వేళల్లో పని, సామాను ఎక్కడ దింపుతారు, కిటికీ, తూము, సజ్జల విషయంలో ఒప్పుకున్న మార్పులు, గోడల ఫొటోలు, నష్టం జరిగితే ఎవరు, ఎన్నాళ్లలో బాగు చేయాలి. దానిపై ఇద్దరి సంతకాలు ఉండాలి. ఇది అనుమతి పత్రం కాదు, ఒప్పందం. ఆ తేడా కాగితంలోనే రాయాలి. చప్పుడు విషయంలో శబ్ద కాలుష్య నియమాలు (2000) నివాస ప్రాంతాలకు పగలు 55, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు 45 డెసిబెళ్ల పరిమితి పెట్టాయి. రాత్రి కట్టర్ మిషన్ నడపబోమన్న ఒక్క హామీ చాలా కోపాలను చల్లారుస్తుంది.

ఫిర్యాదు వెళ్లాక

మాటతో తేలకపోతే పక్కింటివారికి మూడు దారులున్నాయి. నోటిఫైడ్ ఏరియా కమిటీ లేదా పురపాలక సంస్థకు ఫిర్యాదు, సివిల్ కోర్టులో నిషేధ ఉత్తర్వు కోసం దావా, శాంతిభద్రతల పేరుతో పోలీసులకు, సబ్ డివిజనల్ అధికారికి విన్నపం.

కమిటీ నుంచి నోటీసు వస్తే పని ఆపి, గడువులోగా పత్రాలతో లిఖిత జవాబు ఇవ్వాలి. నోటీసు తీసుకోకుండా తప్పించుకుంటే నష్టం కట్టేవారిదే. కూల్చివేత దాకా వస్తే, 2024 నవంబరు 13న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాల ప్రకారం కనీసం 15 రోజుల నోటీసు, స్వయంగా వాదన వినిపించే అవకాశం ఇవ్వాలి. రోడ్లు, కాలిబాటలు, రైల్వే లైన్లు, నీటి వనరులు ఆక్రమించిన కట్టడాలకు, కోర్టు ఆదేశించిన కూల్చివేతలకు ఈ రక్షణ లేదు.

సివిల్ కోర్టులో పక్కింటివారు తాత్కాలిక నిషేధం తెచ్చుకుంటే సగం వేసిన స్లాబు వానకు నానుతూ ఉండిపోతుంది. అలాంటి దావా వస్తుందని అనుమానం ఉంటే సివిల్ ప్రొసీజర్ కోడ్ 148-ఎ సెక్షన్ కింద ముందే కేవియట్ వేసుకోవచ్చు. అది 90 రోజులు అమల్లో ఉంటుంది. ఆ కాలంలో ఇవతలివారికి కబురు లేకుండా ఉత్తర్వు ఇవ్వడానికి వీలుండదు.

పోలీసులు, ఎస్డీవో దారిలో 2024 జులై 1 నుంచి భారతీయ నాగరిక సురక్షా సంహిత అమల్లో ఉంది. శాంతిభంగం భయంతో 163వ సెక్షన్ కింద ఇచ్చే ఉత్తర్వు సాధారణంగా రెండు నెలలకు మించి నడవదు. స్వాధీనం తగాదా అయితే 164వ సెక్షన్. ఇవేవీ హద్దు ఎక్కడో, హక్కు ఎవరిదో తేల్చవు. అది సివిల్ కోర్టు పనే.

వీటన్నిటికంటే తక్కువ ఖర్చు దారి జిల్లా న్యాయ సేవాధికార సంస్థ. 1987 నాటి చట్టం కింద, కేసు వేయకముందే ఇరుపక్షాలనూ పిలిచి రాజీ కుదిర్చే వీలుంది. లోక్ అదాలత్‌లో కుదిరిన రాజీకి కోర్టు డిక్రీ విలువ ఉంటుంది, దానిపై అప్పీలు ఉండదు. అమరావతిలో అయినా జంషెడ్‌పూర్‌లో అయినా ఈ ఒక్క దారి ఒకేలా ఉంటుంది.

అభ్యంతరం చెప్పేవారు గుర్తుంచుకోవాల్సింది

పక్కింటివారికీ బాధ్యతలున్నాయి. స్లాబు పడేదాకా చూస్తూ ఊరుకుని తర్వాత కోర్టుకు వెళ్తే, మౌనంగా సమ్మతించారన్న కారణంతో నిషేధ ఉత్తర్వు నిరాకరించే వీలు 1963 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టం 41వ సెక్షన్‌లో ఉంది. అభ్యంతరం ఉంటే ముందే, లిఖితంగా, ఫలానా కారణమని చెప్పాలి. ఆమోదించిన ప్లాన్ నిర్మాణ స్థలంలో కనిపించకపోతే సమాచార హక్కు చట్టం కింద కాపీ అడగవచ్చు. తమ ఇంట్లోనూ సెట్‌బ్యాక్ మింగిన గది ఒకటుంటే, ఫిర్యాదుపై వచ్చే ఇన్‌స్పెక్టరు దాన్నీ చూస్తాడన్నది మరచిపోకూడదు. ఊరికే వేధించడానికి, డబ్బు కోసం ఫిర్యాదు చేస్తే ఆ మాట పేట మొత్తానికీ తెలుస్తుంది.

చివరికి

పని మొదలుపెట్టే ముందు ఇంటి పెద్ద తనను తాను అడగాల్సిన ప్రశ్నలు ఐదు. నేల పత్రం ఈ అంతస్తును ఒప్పుకుంటుందా? ప్లాన్‌కు నా పరిధిలోని సంస్థ ఆమోదం ఉందా? పాత పునాది కొత్త బరువు మోస్తుందని ఇంజినీరు రాసిచ్చాడా? పక్కింటి వెలుతురు, గోడ, నీళ్ల విషయంలో ఏం మారుతుందో వారికి చూపించానా? వారి గోడల ఫొటోలు తీశానా?

ఐదింటికీ ‘అవును’ అన్న జవాబు వస్తే, పక్కింటివారు సంతకం పెట్టకపోయినా నిశ్చింతగా పని మొదలుపెట్టవచ్చు. మొదటి మూడింట్లో ఏ ఒక్కదానికి ‘లేదు’ అన్న జవాబు వచ్చినా, పక్కింటివారు సంతోషంగా సంతకం పెట్టినా మొదలుపెట్టకూడదు. చివరి రెండింటికి పట్టేది ఒక సాయంత్రమే. అవి చేయకుండా వదిలేస్తే ఆ పేటలో నలభై ఏళ్లుగా కలిసి పండగలు చేసుకున్న రెండు కుటుంబాలు కోర్టు వరండాలో ఎదురెదురుగా నిలబడాల్సి రావచ్చు.